కార్తె తప్పని కుందేలు

రంగు మార్చేవాళ్ళంటే మనకు మంచి అభిప్రాయం లేదు. పార్టీ మార్చిన పెద్దమనిషినీ, తాంబూలాలనాడు ఒక మాటా తాళి కట్టేనాడు ఇంకో మాటా చెప్పిన వియ్యంకుణ్ణీ ఊసరవెల్లి అనేసి చేతులు దులుపుకుంటాం. ఆ ఊసరవెల్లి ఎవరి కొంప ముంచిందో మాత్రం ఎవరూ చెప్పరు. ముప్ఫయి ఒక్క సంవత్సరాలు అనంతపురం జిల్లా హైస్కూళ్ళలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి, ఇప్పుడు పింఛను పుచ్చుకుంటున్నదాన్ని గనుక, నోరులేని జంతువుల తరఫున నాలుగు మాటలు చెప్పే హక్కు నాకున్నదనుకుంటాను. రంగు మార్చడంలో కూడా నియమం పాటించే జీవాలున్నాయండీ. ఏడాదికి రెండే రెండుసార్లు, అదీ గడువు ప్రకారం మారుస్తాయి. అలాంటిదాన్ని ఆరు నెలలపాటు వంటింటి కిటికీలోంచి చూసే యోగం నాకు పట్టింది.

పాఠంగా అయితే ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ధ్రువప్రాంతపు నక్క చలికాలంలో తెల్లగా ఉంటుంది, వేసవిలో గోధుమరంగుకు వస్తుంది, రాసుకోండి అనేదాన్ని. తెల్లనక్క బొమ్మ నల్లబల్ల మీద వెయ్యడం సులువు, సుద్దముక్క చాలు. వేసవి నక్క దగ్గరికి వచ్చేసరికి రంగు సుద్ద కావాలి. అదేమో హెడ్మాస్టరుగారి బీరువాలో తాళం వేసి ఉండేది. అందుచేత మా జిల్లాలో కొన్ని వందలమంది పిల్లలు ఆ నక్క సగం జీవితాన్నే చూశారు. ఇక మంచు సంగతి సరేసరి. మంచు అన్నప్పుడల్లా మా పిల్లలకు మనసులో మెదిలేది రంపపుపొట్టు కప్పిన ఐసుగడ్డే. నిజం చెప్పాలంటే నాకూ అంతే.

2023 సెప్టెంబరు మొదటివారంలో మా అమ్మాయి రెండో కానుపుకు సాయంగా కెనడా వెళ్ళాను. వాళ్ళుండేది ఆల్బర్టా రాష్ట్రపు రాజధాని ఎడ్మంటన్‌లో. పెట్టెలో శొంఠి, మిరియాలు, పాత చింతపండు, కరివేపాకు పొడి వగైరా బాలింత సరంజామా అంతా సర్దుకున్నాను. ఆ దేశం వాళ్ళు నన్ను ఆరు నెలలు ఉండనిస్తామన్నారు. ఆరు నెలలంటే మనకు ఒక అయనం. ఆ లెక్క అప్పుడు నాకు తట్టలేదు లెండి.

వెళ్ళిన మూడోనాడు పొద్దున్నే కాఫీ కలుపుతూ బయటికి చూస్తే, ఇంటిముందు పచ్చిక మీద పెద్ద మట్టిగడ్డ ఒకటి కనిపించింది. ఎవరు తెచ్చి పడేశారా అనుకుంటూ ఉండగానే మట్టిగడ్డకు చెవులు లేచాయి. జానెడు చెవులు! వాటి కొనలకు కాటుక పెట్టినట్టు నల్లటి మచ్చలు. నేను కేకపెడితే మా మనవడు వచ్చి, "అవ్వా, అది జాక్‌రాబిట్టు. రోజూ వస్తుంది," అన్నాడు, ఇందులో వింతేముందన్నట్టు. వాడికి ఆరేళ్ళు. ఎడ్మంటన్ వాళ్ళకు ఈ జంతువు మనకు వీధికుక్క లాంటిది. ఊరి నడుమ, ఇళ్ళ ముంగిళ్ళలో, బడి మైదానాల్లో, ఆపీసుల ముందు పచ్చికల్లో హాయిగా బతుకుతుంది. వాటిని ఎవరూ పెంచడం లేదు, ఎవరూ తరమడమూ లేదు.

పేరులో రాబిట్టు ఉన్నా అది రాబిట్టు కాదు. పంజరాల్లో పెంచుకునే రకం బొరియ తవ్వుకుంటుంది, కళ్ళు తెరవని, బొచ్చులేని పిల్లల్ని కంటుంది. ఇది బొరియ తవ్వదు. నేలలో చిన్న గుంట చేసుకుని అందులోనే ఒదిగి కూర్చుంటుంది. పిల్లలు పుట్టడమే బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. మన మెట్టచేలల్లో కంది సాళ్ళమధ్య నుంచి దూకి పారిపోయే కుందేలుందే, దానికీ దీనికీ వంశం ఒకటే. కాకపోతే ఇది మూడు నాలుగు కిలోల బరువు తూగుతుంది, కాళ్ళు పొడుగు. పూర్తి పేరు తెల్లతోక కుందేలు. మన కుందేలుకు రంగు మార్చే అవసరం లేదు. ఎర్రమట్టి ఏడాది పొడుగునా ఎర్రమట్టే గదా.

అక్టోబరు నడిమికి వచ్చేసరికి కుందేలు వంటిమీద తేడా కనిపించింది. ముందు పాదాలు తెల్లబడ్డాయి, పిండిలో తొక్కి వచ్చినట్టు. తరవాత చెవుల అంచులూ ముఖమూ. వీపు మాత్రం ఇంకా గోధుమరంగే. ఆ రెండింటి నడుమ కొన్ని వారాలు, పాతగోడకు సగం సున్నం వేసి మేస్త్రీ పారిపోయినట్టుండేది. ఇక్కడొక మాట చెప్పాలి. రంగు మారుతున్నది వెంట్రుక కాదు. పూర్తిగా పెరిగిన వెంట్రుక చచ్చిన పదార్థం. మన జుట్టు మాదిరే, దానికి లోపల్నుంచి రంగు వెయ్యడమనేది లేదు. పాత గోధుమరంగు వెంట్రుక రాలిపోవాలి, దాని స్థానంలో రంగు పదార్థమే లేని కొత్త వెంట్రుక మొలవాలి. అంటే కుందేలు రంగు మార్చుకోవడం లేదు, బట్టలే మార్చుకుంటున్నది. ఒంటినిండా కొత్త బొచ్చు నేసుకోవడమంటే తిన్న తిండిలో ఎంత భాగం దానికే పోతుందో, పురుడు పోసుకున్న ఆడదానికి వేరే చెప్పనక్కరలేదు.

ఇది ఎందుకు జరుగుతుందని మా ఇంట్లో పెద్ద రభస జరిగింది. మా అల్లుడు చలికి అన్నాడు. మా అమ్మాయి మంచును చూసి అన్నది. "ఇంకా మంచే పడలేదు గదా, దేన్ని చూసి?" అని అతను, "నిన్న మధ్యాహ్నం చెమట పోసింది గదా, చలెక్కడ?" అని ఆమె. ఇద్దరూ కంప్యూటరు చదువులు చదివినవాళ్ళే. ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళవి మూడే కాళ్ళు. చివరికి, "అత్తయ్యా, మీరు టీచరు గదా, మీరు చెప్పండి," అని అల్లుడు తీర్పు నా మీద పెట్టాడు. నెలలు నిండిన ఆడపిల్లకు వ్యతిరేకంగా తీర్పు చెప్పే ధైర్యం ఏ తల్లికీ ఉండదు. అదృష్టవశాత్తు నిజం ఇద్దరి పక్షానా లేదు.

చలీ కాదు, మంచూ కాదు. పగటి పొడుగు. 1943లో హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ లైమన్ అనే ఆయన స్నోషూ కుందేళ్ళ మీద ఈ సంగతి రుజువు చేశాడు. స్నోషూ అంటే మంచుమీద నడిచేందుకు కాళ్ళకు కట్టుకునే వెడల్పాటి చట్రం. ఆ కుందేలు పాదాలు అలా ఉంటాయి గనుక ఆ పేరు. దానికి వెలుతురు గంటలు తగ్గిస్తే తెల్లకోటుకూ, పెంచితే గోధుమ కోటుకూ తిరుగుతుందని తేలింది. ఆ మరుసటి ఏడే బిసొనెట్ అనే ఇంకో శాస్త్రవేత్త, సహచరుడితో కలిసి, ముంగిసను పోలిన వీజెల్ అనే జంతువులోనూ దీపాల వెలుతురుతో ఈ మార్పును అదుపు చేయవచ్చునని చూపించాడు.

లోపల జరిగే పని ఇది. కంటిలో పడిన వెలుతురు కబురు మెదడుకు పోతుంది. అక్కడ పీనియల్ అనే చిన్న గ్రంథి ఉన్నది. చీకటి ఉన్నంతసేపూ అది మెలటోనిన్ అనే రసం ఊరిస్తుంది. రాత్రులు పొడుగయ్యేకొద్దీ రసం ఊరే సమయమూ పొడుగవుతుంది. ఆ లెక్కను బట్టి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి, ప్రొలాక్టిన్ అనే మరో రసాన్ని తగ్గిస్తుంది. ప్రొలాక్టిన్ తగ్గితే ఇలాంటి జంతువులకు శీతాకాలపు తెల్లబొచ్చు. వసంతంలో పగళ్ళు సాగి ప్రొలాక్టిన్ పెరిగితే మళ్ళీ గోధుమరంగు. ఈ ప్రొలాక్టిన్ ఏమిటో తెలుసా? బాలింతకు పాలు పడేందుకు పనిచేసేది అదే. పేరు పెట్టిందే పాలను బట్టి. మా అమ్మాయికి పాలు పడాలని నేను వెల్లుల్లికారం దంచుతూ ఉంటే, కిటికీ అవతల అదే రసం తగ్గి ఒక జీవి తెల్లబడుతున్నది. ఈ మాట మా అమ్మాయితో అంటే, "అమ్మా, కాస్త పాఠాలు ఆపుతావా," అని విసుక్కుంది. తొమ్మిదో నెల విసుగు అది, నేను పట్టించుకోలేదు.

మనకు పగటి పొడుగు పెద్దగా తెలిసిరాదు. అనంతపురంలో పెద్ద పగలు దాదాపు 13 గంటలు, చిన్న పగలు 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలకు లోపే. ఎడ్మంటన్‌లో జూన్‌లో పగలు 17 గంటలుంటే డిసెంబరులో ఏడున్నర గంటలు. నేను వెళ్ళినప్పుడు రాత్రి ఎనిమిదింటికి కూడా వెలుతురుండేది. ఆ శరత్కాలంలో రోజుకు నాలుగు నిమిషాల చొప్పున పగలు తరిగిపోతూ వచ్చింది, జేబుకు చిల్లిపడ్డట్టు. నవంబరులో సాయంత్రం నాలుగున్నరకే దీపాలు పెట్టుకునేవాళ్ళం. అటువంటి దేశంలో ఏ జంతువైనా సూర్యుణ్ణే గడియారంగా పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. చలి ఒకరోజు వస్తుంది, మరురోజు పోతుంది. మంచూ అంతే. సూర్యుడు మాత్రం ఒక్క నిమిషం కూడా మాట తప్పడు.

ఇది మనకు తెలియని పద్ధతేం కాదు. మా నాన్న అక్షరాలు రాని మనిషి. కానీ కార్తెలు వేలిమీద చెప్పేవాడు. సూర్యుడు ఏ నక్షత్రంలో నడుస్తున్నాడో దాన్నిబట్టి కార్తె. జూన్ 22 ప్రాంతంలో ఆర్ద్ర కార్తె వస్తుంది. అంటే ఏడాదిలో అతి పెద్ద పగటికి అటూఇటూగా. మృగశిరలో దుక్కి, ఆర్ద్రలో విత్తనం. మేఘాన్ని నమ్మరాదు, కార్తెను నమ్మాలనేవాడు ఆయన. కుందేలు చేస్తున్నదీ సరిగ్గా అదే. దానికి పంచాంగం లోపలే ఉన్నది, అంతే తేడా.

ఆ ఏడు మా తమ్ముడు ఆర్ద్రను నమ్మాడు. కళ్యాణదుర్గం అవతల మాకు ఏడెకరాల ఎర్రనేల ఉన్నది. బోరు ఎండిపోయి చాలాకాలమైంది, అంతా వానమీదే. జూన్ చివర ఒక వాన పడింది. పదును చూసుకుని గొర్రు కట్టి చెనక్కాయ విత్తాడు. మొలక బాగానే వచ్చింది. జూలైలో కొంత పడింది. ఆగస్టులో ఆకాశం కళ్ళు మూసుకుంది. ఆ 2023 ఆగస్టు, 1901 తరవాత దేశం మొత్తం మీద అతి తక్కువ వాన పడిన ఆగస్టు అని తరవాత లెక్కలు తేల్చాయి. చెనక్కాయ పూత పూశాక ఊడలు నేలలోకి దిగాలి. నేల మెత్తగా లేకపోతే ఊడ దిగదు, ఊడ దిగకపోతే కాయ లేదు. నేను విమానమెక్కే ముందు చేనికి వెళ్ళి చూశాను. ఊడలు మట్టిని తాకి, సూదులు విరిగినట్టు అక్కడే ఎండిపోయి ఉన్నాయి.

నవంబరులో ఒకరోజు ఫోను చేశాడు. పంట కింద చెట్లు పీకి పశువులకు వేశానన్నాడు. విత్తనాల బాకీ, ఎరువుల బాకీ ఎంతెంతో చెప్పాడు. తరవాత అసలు సంగతి. చుట్టుపక్కల పొలాలు సూర్యుడి వెలుతురుతో కరెంటు చేసే పలకలకు కౌలుకు అడుగుతున్నారట, మనదీ ఇస్తామా అని. నాన్న పోయాక ఆ ఏడెకరాల్లో నా వాటా రాయించుకోలేదు గానీ కాగితం మీద నా పేరున్నది. నా సంతకం కావాలి. ఇరవై అయిదు ముప్ఫై ఏళ్ళ గడువు. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. మాట మార్చడానికి, ఇక్కడ మంచు ఇంకా పడలేదు గానీ కుందేలు అప్పుడే తెల్లబడిపోయిందిరా అన్నాను.

"మంచు లేకుండానే తెల్లగయ్యిందా?"

"అది మంచును చూసి తెల్లబడదురా. పొద్దును చూసి తెల్లబడుతుంది. మంచు వస్తుందని దాని లెక్క."

కొంతసేపు వాడు మాట్లాడలేదు. తరవాత నవ్వాడు. "మా మాదిరే అక్కా అది. కార్తె వచ్చె, వాన రాకపాయె."

నీకు ఆగి చూసే తెలివుంది, దానికి లేదు గదరా అన్నాను. "నేనెక్కడ ఆగేది అక్కా? విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాక, ఊరంతా గొర్లు కట్టినాక, నేనొక్కణ్ణే గట్టు మీద కూచుంటే మీ మరదలే ఊరుకోదు," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిజంగానే ఆ ఏడు ఎడ్మంటన్‌లో మంచు మాట తప్పింది. అక్టోబరు చివర ఒకసారి పడి ఊరించి కరిగిపోయింది. నవంబరంతా నేల బోసిగా ఉండిపోయింది. ఎండిపోయిన గోధుమరంగు పచ్చిక మీద కుందేలు, ఆరేసిన తెల్ల పంచెలాగ, వీధి చివరనుంచే కనిపించేది. ఇందులో మనసు కలుక్కుమనే విషయం ఒకటుంది. తాను కనిపిస్తున్నానని దానికి తెలియదు. ఎవరైనా వస్తుంటే కదలకుండా, చెవులు వీపుకు ఆనించి, నేలకు అంటుకుపోయేది. నేల రంగులో ఉన్నప్పుడు అది గొప్ప విద్య. తెల్లగా మెరుస్తూ కూడా అదే విద్య. మొంటానా రాష్ట్రంలో స్కాట్ మిల్స్, మార్కెటా జిమోవా మొదలైనవాళ్ళు స్నోషూ కుందేళ్ళ మెడకు రేడియో పట్టీలు కట్టి సంవత్సరాలపాటు గమనించారు. రంగు నేలకు సరిపడనప్పుడు అవి ఎక్కువగా దాక్కోవడం గానీ, తమ రంగుకు కలిసే చోటు వెతుక్కోవడం గానీ చెయ్యలేదు. అలా సరిపడని వారాల్లో అవి బతికి బయటపడే అవకాశం వారానికి 7 శాతం వరకూ తగ్గుతున్నదని 2016లో ప్రకటించారు. ఒక వారానికి ఏడు చిన్న అంకెగానే కనిపిస్తుంది. నవంబరులో వారాలు నాలుగు, డిసెంబరులో ఇంకో నాలుగు. వడ్డీలెక్క తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

శరత్తులో అవి మార్పు మొదలుపెట్టే గడువు ఏ ఏడూ పెద్దగా కదలదట. వసంతంలో మాత్రం తెల్లకోటు విడిచే వేగాన్ని కాస్త అటూ ఇటూ సర్దుకోగలవు. స్కాట్లండు కొండ కుందేళ్ళ మీద 1950ల నాటి నుంచీ రాసిపెట్టిన లెక్కలున్నాయి. వాటిని ఇటీవలివాటితో పోల్చితే, కుందేలు తెల్లగా నేల నల్లగా ఉండే రోజులు ఏడాదికి 35 పెరిగాయని 2020లో తేలింది. మంచు తగ్గింది. కుందేలు తన గడువు మార్చుకోలేదు.

కార్తీకం వచ్చిన వారానికి మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు దాని ఒళ్ళంతా, ముఖ్యంగా భుజాల మీదా వీపు మీదా, సన్నటి నూగు. మా మనవడు పరీక్షగా చూసి, "ఇదికూడా తెల్లగా మారుతుందా అవ్వా?" అన్నాడు. ఆ నూగు కొద్దివారాల్లో రాలిపోతుందని చెప్పాను. వాడికి చెప్పని ఇంకో సంగతి మీకు చెబుతాను. ఆ దేశపు గడ్డిబయళ్ళలో వోల్ అనే పొట్టితోక ఎలుక ఉంటుంది. 1988లో థెరిసా లీ, ఇర్వింగ్ జుకర్ అనే ఇద్దరు వాటి పిల్లల్ని పరిశీలించారు. పుట్టాక పిల్లలన్నిటికీ ఒకే పొడుగు పగలు చూపించారు. అయినా, తల్లి కడుపుతో ఉండగా పగళ్ళు తరిగినవాటికి బొచ్చు దట్టంగానూ, పగళ్ళు పెరిగినవాటికి పల్చగానూ వచ్చింది. ఇలాంటి చిన్న జంతువుల్లో, చలికాలం రాబోతున్నదో పోతున్నదో కళ్ళు తెరవకముందే పిల్లకు తెలుస్తుంది. తల్లి ఒంట్లో ఊరిన మెలటోనిన్ కడుపులోని పిల్లకు కబురు చేరవేస్తుంది. మనుషుల్లోనూ ఆ రసం తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది. అది బిడ్డకు ఏమని చెబుతుందో గానీ, మా మనవరాలు మాత్రం పుట్టిన నెలకు కూడా పగలనీ రాత్రనీ తేడా లేకుండా మేలుకునే ఉండేది.

మా కిటికీ ముందుకు వచ్చేవి రెండు కుందేళ్ళు. ఒకదాని ఎడమచెవి అంచు చిరిగి ఉండేది. డిసెంబరు నడిమిలో ఒక తెల్లవారుజామున, బిడ్డ ఏడిస్తే లేచి నీళ్ళు కాస్తూ బయటికి చూశాను. కంచె పక్కన పచ్చిక మీద తెల్లటి దూదిపింజలు చెల్లాచెదురుగా ఉన్నాయి. గాలి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటి కదులుతున్నది. ఆ ఊరి నడుమ నది పారుతుంది, దాని లోయలో కాయోటీలు తిరుగుతాయి. నక్కకూ తోడేలుకూ నడిమి రకం. రాత్రిళ్ళు వీధుల్లోకి వస్తాయి. వాటి పొట్ట వాటిది, తప్పు పట్టలేం. నేను కోటు తొడుక్కుని వెళ్ళి, పిల్లవాడు లేవకముందే ఆ బొచ్చంతా ఏరి ఒక కవరులో వేశాను. ముట్టుకుంటే ఎంత మెత్తగా ఉందో, వేళ్ళమధ్య ఉన్నట్టే తెలియలేదు. చిరిగిన చెవి కుందేలు తరవాత కనిపించలేదు. మనవడు రెండు మూడు రోజులు అడిగాడు. పెద్ద పండుగ గదా, ఎవరింటికో వెళ్ళి ఉంటుందని వాళ్ళ నాన్న చెప్పాడు. క్రిస్మస్ నాడు కూడా ఆ ఊళ్ళో నేల గోధుమరంగుగానే ఉన్నది.

జనవరి రెండో వారంలో అంతా ఒక్కసారి వచ్చిపడింది. మంచు పడింది, చలి సున్నాకు దిగువన 40 డిగ్రీల దాకా పోయింది. తలుపు పిడి ముట్టుకుంటే చెయ్యి అతుక్కుపోతుందేమోనని భయపడ్డాను. ఆ తెల్లదనంలో రెండో కుందేలు ఎక్కడున్నదో చూద్దామంటే చాలాసేపు దొరకలేదు. చివరికి మనవడే కనిపెట్టాడు, రెండు నల్ల చుక్కలు. చెవి కొనలు. "అవి మాత్రం ఎందుకు తెల్లబడవు?" అని అడిగాడు. కుందేలు సంగతి చెప్పలేదు గానీ, స్టోట్ అనే జంతువు కథ చెప్పాను. చలికాలంలో అదీ తెల్లబడుతుంది, తోక కొన మాత్రం నల్లగా ఉంచుకుంటుంది. ఇంగ్లండు రాజుల పట్టాభిషేకపు అంగీలకు నల్లచుక్కల తెల్లబొచ్చు కుడతారే, ఆ చుక్కలన్నీ ఈ తోకకొనలే. రోజర్ పవెల్ అనే ఆయన 1982లో బొమ్మ జంతువులు చేసి గద్దల ముందు లాగించి చూశాడు. గద్ద నల్ల కొనను గురిచూసి దూకి అసలు ఒంటిని తప్పిపోతుందట. రాజుగారి అంగీమీద ఏ గద్ద దూకుతుందని మా మనవడు అడిగిన ప్రశ్నకు మా అల్లుడు ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాడు.

నేను సంతకం గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. ముప్ఫై ఏళ్ళ తరవాత నేను ఉండను, ఉంటే తొంభై దాటుతాయి. ఈ తెల్లతోక కుందేళ్ళ మీదే 2023లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మ్యూజియాల్లో దాచిన పాత చర్మాలూ, జన్యువులూ పరీక్షించారు. చలికాలంలోనూ గోధుమరంగు ఉంచుకునే కుందేళ్ళు కొన్ని చోట్ల ఉన్నాయి. ఆ తేడాకు కారణం ముఖ్యంగా మూడు జన్యువుల్లో కనిపించింది. మంచు తగ్గేకొద్దీ అలాంటి వంశాలు నిలదొక్కుకోవచ్చు. ఐర్లండులో కొండ కుందేళ్ళు చాలామటుకు తెల్లబడడమే మానేశాయి. అయితే ఒక కుందేలు తన జీవితకాలంలో మనసు మార్చుకోవడం కుదరదు. తెల్లబడేవి పోయి, తెల్లబడనివాటి పిల్లలు మిగలాలి. చిరిగిన చెవికి ఆ లెక్కతో పని లేదు.

ఇదంతా ఫోనులో తమ్ముడితో చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. బాకీలున్నవాడికి వంశాల కథలు ఏం చెబుతాం? పోయిన ఏడు విత్తిన చెనక్కాయ బదులు, కొర్రలో ఉలవలో ఆలస్యంగా వేస్తే ఎలా ఉంటుందని మాత్రం అడిగాను. "వేయొచ్చు. కొనేవాడుండాల గదా," అన్నాడు. పలకలవాళ్ళు మార్చి నెలాఖరు దాకా ఆగుతామన్నారట.

మార్చి మొదటివారంలో నా ఆరు నెలలు నిండాయి. పెట్టె సర్దుతుంటే బొచ్చు వేసిన ఆ కవరు అడుగున కనిపించింది. అక్కడే వదిలేద్దామా, తేవచ్చునా అని కొంతసేపు తటపటాయించి అక్కడే చెట్టు మొదట్లో పోశాను. గూళ్ళు కట్టుకునే పిట్టలు ఎవరివో ఏరుకుంటాయి. బయలుదేరే ముందురోజు రాత్రి తమ్ముడు ఫోను చేశాడు. ఏ విమానం, ఎన్ని గంటలకు దిగుతావు, బెంగుళూరికి బండి పంపించాలా అని అన్నీ అడిగాడు. పొలం మాట ఎత్తలేదు.

"అక్కా, ఆ కుందేలు ఉందా?"

"ఉంది. ఒకటుంది. తలమీద గోధుమరంగు మొదలైంది."

"మంచు పోయిందా?"

"యాడ పోయింది! నిన్ననే మళ్ళీ పడింది. పచ్చికే కనపడడం లేదు."

"అట్లనా," అన్నాడు. వెనకాల మా మరదలు ఎవర్నో పిలుస్తున్నది. "సరే, దిగినాక ఫోను చెయ్యి. ఇంటికొచ్చినాక కూచుని మాట్లాడుకుందాం."